జెడ్4 వెనక నుంచి వచ్చే ఊళ: డిఫరెన్షియల్ దించే ముందు చూసుకోవాల్సినవి

చదివేవాళ్ళ కోసం మీ సమస్యను ముందు క్లుప్తంగా చెప్తాను. కారు 2010 బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే స్పీడు 55 దాటాక వెనక నుంచి 'ఊఁ' అని సన్నటి ఊళ వస్తోంది. పార్కింగులో రివర్స్ నుంచి డ్రైవ్‌కి మార్చితే అడుగున 'టక్కు'మని దెబ్బ. ఒక మెకానిక్ డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా) మొత్తం మార్చాలన్నాడు, ఇంకొకాయన వీల్ బేరింగ్ అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలీక టెన్షన్‌గా ఉందన్నారు.

ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. ఇద్దరూ పార్టు పేరు చెప్పారు గానీ శబ్దం ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అని ఒక్కరూ అడిగినట్టు లేదు. డ్రైవ్‌లైన్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాల దాకా బలం మోసే భాగాలు) శబ్దాల్లో పార్టు పేరు ఆఖరున తేలాలి. ఏ లోడులో మారుతోంది, ఏ స్పీడుతో పాటు మారుతోంది అనేది ముందు తేలాలి. పైగా మీ ఊళ, మీ టక్కు ఒకే జబ్బు కావాలని లేదు. ఇన్నేళ్ళ కారులో అవి వేర్వేరుగా ఉండటమే ఎక్కువ. రెండింటినీ ఒకే బిల్లులో కలిపేసి 'డిఫ్ పోయింది' అనడం తేలిక, అంతే.

నేను ఆటోనగర్‌లో లారీ హౌసింగులతో పని మొదలుపెట్టి, అంబాసిడర్లూ కాంటెస్సాలూ చూసి, తర్వాత ఈ జర్మన్ కార్లలోకి వచ్చినవాణ్ణి. వెనక చక్రాలు లాగే బండి ఏదైనా లోపలి సూత్రం ఒకటే: ఇంజన్ బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం, దానికి అడ్డంగా క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళ చక్రం, మధ్యలో మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే స్టార్ పినియన్లు. తేడా అంతా చుట్టూ ఉన్న రబ్బర్లలోనే. లారీలో రబ్బరు తక్కువ, మీ కారులో అడుగడుగునా రబ్బరే.

ఒక సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. జెడ్4లో బానెట్ ఎంత పొడుగున్నా, మనిషి కూర్చునేది వెనక యాక్సిల్‌కి కాస్త ముందే. సీటు వెనకాల మడిచే అల్యూమినియం టాప్ కోసం పెద్ద ఖాళీ ఉంటుంది. అడుగున పుట్టిన చిన్న శబ్దం కూడా అక్కడ పెద్దదవుతుంది. అదే డిఫరెన్షియల్ ఒక సెడాన్‌లో ఉంటే వెనక సీటూ దాని కింది ఇన్సులేషనూ దాటి మీ చెవిదాకా వచ్చేది కాదు. కాబట్టి శబ్దం గట్టిగా వినపడుతోంది అన్నంత మాత్రాన అరుగుదల అంత ఎక్కువగా ఉందనుకోవద్దు. టెస్టు చేసేటప్పుడు టాప్ మూసి, అద్దాలు ఎత్తి, ఏసీ బ్లోయర్ కట్టేసి, డిక్కీలో జాకీ, టూల్స్, నీళ్ళ సీసాలు అన్నీ తీసేయండి. డిక్కీలో దొర్లే టూల్ బ్యాగ్ కోసం రెండు రోజులు యాక్సిల్ వెతికినవాళ్ళున్నారు.

ఎక్కడ నడపాలి అంటే, భీమిలి రోడ్డు వద్దు. ఒకపక్క సముద్రం హోరు, ఒకపక్క ట్రాఫిక్, పైగా రుషికొండ దాటాక రోడ్డు ఉపరితలం మారుతూ ఉంటుంది. ఆర్కే బీచ్ వైపైతే తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం రోడ్డే మూసేస్తారు. ఆదివారం పొద్దున్నే ఆనందపురం వెళ్ళి, పెందుర్తి మీదుగా అనకాపల్లి వైపు వెళ్ళే ఆరు వరుసల రోడ్డు ఎక్కండి. ఒకే స్పీడు నిలబెట్టడానికి అంతకంటే మంచి చోటు ఊరి చుట్టుపక్కల లేదు. లోడు టెస్టుకి సింహాచలం కొండ రోడ్డు బావుంటుంది. ఎక్కేటప్పుడు డ్రైవ్‌లైన్ మీద లాగుడు, దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగు. పక్కన మనిషిని కూర్చోబెట్టుకోండి. వినే పని ఆయనది, నడిపే పని మీది.

మొదటి టెస్టు గేర్లతో. గేర్ లివర్‌ని మాన్యువల్‌లో పెట్టి 70 దగ్గర స్పీడు నిలపండి. అదే 70లో నాలుగో గేరు, ఐదో గేరు, ఆరో గేరు మార్చి వినండి. ఇంజన్ ఆర్‌పీఎం మారుతుంది, బండి స్పీడు మారదు. ఊళ శ్రుతి కూడా ఆర్‌పీఎంతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటే మీరు వెనక్కి వెళ్ళక్కర్లేదు. బెల్టు పుల్లీలు, ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్ లోపలి వైపు చూడాలి. గేరు ఏదైనా శ్రుతి కదలకపోతే, అది గేర్‌బాక్స్ బయటికొచ్చిన షాఫ్ట్ నుంచి టైరు దాకా ఎక్కడో ఉంది. ఈ ఒక్క టెస్టుతో సగం అనుమానాలు కొట్టేయొచ్చు. న్యూట్రల్‌లో పెట్టి దొర్లించే పాత పద్ధతి లారీలకు వాడేవాళ్ళం. మీ డ్యూయల్ క్లచ్ బండికి అది అవసరం లేదు, రోడ్డు మీద మంచిది కూడా కాదు.

రెండోది లోడు టెస్టు. అసలు విషయమంతా దీంట్లోనే ఉంది. 60, 70, 80, 90 దగ్గర ఒక్కోసారి మూడు రకాలుగా వినండి. కాస్త గట్టిగా తొక్కినప్పుడు, స్పీడు పెరగకుండా తగ్గకుండా సన్నగా పట్టి ఉంచినప్పుడు, కాలు పూర్తిగా తీసేసినప్పుడు. తొక్కినప్పుడు క్రౌన్ పళ్ళ ఒక ముఖం మీద బలం పడుతుంది, వదిలినప్పుడు అదే పళ్ళ రెండో ముఖం మీద పడుతుంది. రెండు ముఖాలూ ఒకేలా అరగవు. అందుకే క్రౌన్-పినియన్ నుంచి వచ్చే ఊళ ఈ మూడు స్థితుల్లో స్పష్టంగా మారుతుంది. తొక్కితే ఉండి వదిలితే మాయమవడం, లేదా తొక్కితే నిశ్శబ్దంగా ఉండి వదలగానే మొదలవడం, అదీ ఒక పది కిలోమీటర్ల స్పీడు పరిధిలోనే వచ్చి మళ్ళీ పోవడం దాని లక్షణం. వదిలినప్పుడు మాత్రమే గట్టిగా వస్తే పినియన్ నట్టు వదులైందా, పినియన్ బేరింగుల బిగువు పోయిందా అని చూడాలి.

వీల్ బేరింగుకి, టైరుకి మీ కాలు ఎక్కడుందో పెద్దగా పట్టదు. తొక్కినా వదిలినా ఒకేలా మోగుతాయి. పినియన్ బేరింగు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. లోడుతో కొంచెం మారుతుంది గానీ పూర్తిగా పోదు, శబ్దం కూడా ఊళలా సంగీతంగా కాక 'గర్‌ర్'మని గరుకుగా ఉంటుంది. చక్రం కంటే రెండు మూడింతలు వేగంగా తిరిగే బేరింగు కాబట్టి హబ్ బేరింగు, అంటే వీల్ బేరింగు, గురగుర కంటే సన్నగా వినిపిస్తుంది.

మూడోది, ఖాళీ రోడ్డు మీద 60లో స్టీరింగుని మెల్లగా కుడికీ ఎడమకీ ఊపడం. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీదికి వెళ్తుంది. అప్పుడు గురగుర పెరిగి, ఎడమకి తిప్పితే తగ్గితే ఎడమ బేరింగు మీద అనుమానం పెట్టుకోవచ్చు. నిర్ధారణ మాత్రం లిఫ్ట్ మీదే. ఈ కార్లలో వెనక హబ్ బేరింగుని నకిల్ అనే, చక్రాన్ని మోసే లోహపు భాగంలోకి ప్రెస్ చేసి ఉంచుతారు. చక్రం బిగించే ఫ్లాంజ్ లాగితే పాత బేరింగు అక్కడే విడిపోయి పాడవుతుంది. అంటే 'ఓసారి విప్పి చూసి మళ్ళీ పెడదాం' అనే మాటే లేదు. విప్పితే మార్చాల్సిందే. అందుకని విప్పే ముందే ఏ పక్కదో తేల్చుకోవాలి.

ఇక టైర్లు. మీరు టైర్ల గురించి ఒక్క ముక్కైనా రాయలేదు, అదే నాకు అనుమానం. ఈ కారుకి కంపెనీ ఇచ్చేవి రన్-ఫ్లాట్ టైర్లు, పక్కగోడలు బిగుసుగా ఉంటాయి. వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పు కాబట్టి ముందూ వెనకా మార్చి తిప్పడం కుదరదు. ఎప్పుడూ అక్కడే తిరిగి తిరిగి లోపలి అంచున మెట్లు మెట్లుగా అరుగుతాయి. ఒకసారి మా షెడ్డుకి ఇలాంటి కారే వచ్చింది. అప్పటికే వేరేచోట డిఫరెన్షియల్ మార్పించుకుని వచ్చారు, ఊళ మాత్రం అలాగే ఉంది. లిఫ్ట్ ఎత్తి వెనక టైరు లోపలి వైపు అరచెయ్యి పెట్టి తిరిగే దిశలో నిమిరితే నున్నగా జారింది. వెనక్కి నిమిరేసరికి ఒక్కో బ్లాకు అంచూ రంపం పళ్ళలా వేళ్ళకు తగిలింది. బయటి నుంచి చూస్తే ఆ టైరు కొత్తదానిలాగే ఉంది, ట్రెడ్ లోతు కూడా బాగానే ఉంది. రెండు టైర్లు మార్చి, వెనక అలైన్‌మెంట్ సరిచేశాక ఆ శబ్దం పోయింది. తీసేసిన పాత డిఫరెన్షియల్ బాగానే ఉందని వాళ్ళకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

మీరూ ఆ నిమిరే పని ఇవాళే చేయండి, పైసా ఖర్చు లేదు. చక్రం లోపలి అంచు దాకా చెయ్యి వెళ్ళాలి, బయటి వరస చూసి వదిలేయకండి. తర్వాత గాలి మామూలు కంటే 5, 6 పీఎస్ఐ ఎక్కువ పెట్టించి అదే రోడ్డు మీద ఒక రౌండు వేసి రండి. ఊళ స్వరం మారితే టైరే. టెస్టు అయ్యాక గాలి మళ్ళీ తగ్గించేయండి. నున్నటి కొత్త తారు మీద తగ్గి, గరుకు తారు మీద, కాంక్రీటు మీద పెరిగే శబ్దం కూడా టైరుదే. డిఫరెన్షియల్‌కి రోడ్డు ఏదో తెలీదు. టైర్లు ఒకే దిశలో తిరగాలన్న బాణం గుర్తు లేనివైతే వెనక రెండింటినీ కుడి ఎడమలు మార్చి చూడటం ఇంకో దారి. తిరిగే దిశ తారుమారై శబ్దం తీరే వేరవుతుంది.

చేతిలో ఫోను ఉంది కాబట్టి ఇంకో పని కూడా చేయొచ్చు. శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే ఉచిత యాప్‌లు ఉంటాయి, ఒకటి వేసుకోండి. లెక్క ఇది: 255/40 ఆర్17 వెనక టైరు ఒక చుట్టుకి దాదాపు 2 మీటర్లు వెళ్తుంది. 60 స్పీడులో సెకనుకి 16.7 మీటర్లు, అంటే చక్రం సెకనుకి సుమారు 8.3 చుట్లు. క్రౌన్ వీల్‌కి 40 పళ్ళు ఉన్నాయనుకుందాం, సెకనుకి 333 పళ్ళు పినియన్‌తో కలుస్తాయి. 333 హెర్ట్‌జ్ దగ్గర సన్నటి గీత కనపడి, 90 స్పీడులో అదే గీత 500కి వెళ్తే అది పళ్ళ శబ్దమే. మీ కారు అసలు పళ్ళ లెక్క, నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లో) డిఫరెన్షియల్ మీదున్న చిన్న రేకు ట్యాగ్ చూసి గానీ, ఛాసిస్ నంబరు పెట్టి పార్ట్స్ క్యాటలాగ్ చూసి గానీ తెలుసుకోవచ్చు. టైరుది ఒకే గీతగా రాదు, వెడల్పైన పట్టీలా వస్తుంది. ట్రెడ్ బ్లాకులు ఒకే సైజులో ఉంటే సైరన్‌లా మోగుతాయని కంపెనీలు కావాలనే చిన్నా పెద్దా కలిపి పేరుస్తాయి. హబ్ బేరింగుది ఇంకా కింద, చక్రం చుట్లకు కొన్ని రెట్లలోనే ఉంటుంది కాబట్టి చెవికి గురగురగా తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 60 దగ్గర సెకనుకి ఇరవై, పాతిక సార్లు ఊగుతుంది. అది చెవి కంటే నడుముకి ముందు తెలుస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముక్క. క్రౌన్, పినియన్ పళ్ళు సరిగ్గా మూడింతలో నాలుగింతలో ఉండేలా సాధారణంగా పెట్టరు. 13కి 39 కాకుండా 40 పెడతారు. అప్పుడు పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్ మీది అన్ని పళ్ళతోనూ వంతులవారీగా కలిసి అరుగుదల అంతటా ఒకేలా పంచుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ జతగా రాపిడి పెట్టి సరిపోల్చుతారు. అందుకే పినియన్ ఒక్కటే మారుస్తాం, క్రౌన్ బాగానే ఉంది అనే మాట ఎవరన్నా అంటే ఆ షెడ్డులో కారు వదలకండి.

ఇప్పుడు లిఫ్ట్. జాకీ మీద ఇంజన్ స్టార్ట్ చేసి గేర్లో వేసే పని ఇంట్లో చేయొద్దు, ఎవరు ధైర్యం చెప్పినా సరే. రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఎత్తి, ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, లోపల ఒకరు కూర్చుని మెల్లగా తిప్పాలి. కింద ఉన్న మనిషి పొడుగాటి స్క్రూడ్రైవర్ గానీ మెకానిక్ స్టెతస్కోప్ గానీ కదలని లోహం మీద ఆనించి వినాలి. పినియన్ ముక్కు దగ్గర ఒకసారి, డిఫరెన్షియల్ రెండు పక్కల సైడ్ బేరింగుల దగ్గర, రెండు హబ్‌ల దగ్గర. చొక్కా చేతులు, మెడలో తువ్వాలు తిరిగే షాఫ్ట్‌కి దూరంగా ఉండాలి. లిఫ్ట్ మీద లోడు ఉండదు కాబట్టి పళ్ళ ఊళ వినపడకపోవచ్చు, అంతమాత్రాన లేదనుకోవద్దు. బేరింగులు మాత్రం అక్కడ దొరికిపోతాయి. ఇంజన్ ఆపాక, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగ్ మీద పెడితే పాడైన హబ్ బేరింగు గరుకు వేళ్ళకి తెలుస్తుంది. కొంచెం ఊగుడు లేకపోయినా గరుకు ఉంటే బేరింగు అయిపోయినట్టే. ఊగుడు వచ్చేదాకా ఆగడం లారీ అలవాటు, కార్లకి పనికిరాదు.

స్టార్ పినియన్లు పోయాయేమో అని కూడా ఎవరో అన్నారని రాశారు. తిన్నటి రోడ్డు మీద రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగినంతసేపూ స్టార్ పినియన్లు తమ ఇరుసు మీద తిరగవు, క్రౌన్‌తో పాటు ఊరికే మోసుకుపోబడతాయి. అవి మోగితే మలుపుల్లోనే మోగాలి. మీ ఊళ తిన్నగా వెళ్తున్నప్పుడే వస్తోంది కాబట్టి వాటిని వదిలేయండి. వెనక ఒక టైరు కొత్తది, ఒకటి అరిగినది ఉంటే మాత్రం అవి అస్తమానం తిరుగుతూనే ఉంటాయి, అదీ మంచిది కాదు.

ఇంకా ఏదీ విప్పకముందు చేయాల్సింది డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం. జీవితకాలం అదే ఆయిల్ అని కంపెనీ అంటుంది. కారు జీవితం ఎన్నేళ్ళని వాళ్ళ లెక్కో మనకెందుకు గానీ, ఇన్నేళ్ళు వేడెక్కి చల్లారిన ఆయిల్ మార్చడం తప్పు కాదు. కారు కాసేపు నడిపి వెచ్చగా ఉన్నప్పుడు తీయాలి. ముందు పై బిరడా, అంటే నింపేది, వదులు చేసి చూడండి. సముద్రపు గాలికి ఇక్కడ ఆ బిరడాలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. కింద నుంచి ఆయిల్ అంతా వదిలేశాక పైది ఊడకపోతే కారు లిఫ్ట్ మీదే ఉండిపోతుంది. కొన్ని హౌసింగులకి కింది బిరడా ఉండదు, అప్పుడు సక్షన్ పంపుతో పైనుంచే లాగాలి. సింథటిక్ 75డబ్ల్యూ-90, జీఎల్-5 రకం, ఈ డిఫరెన్షియల్‌కి ఆమోదించినది వాడండి. పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ కలిసే హైపాయిడ్ రకం కాబట్టి జీఎల్-4 గేర్ ఆయిల్ సరిపోదు. పట్టేది లీటరుకి అటూ ఇటూ, రంధ్రం కింది అంచు దాకా వచ్చి కారడం మొదలైతే చాలు. ఫ్యాక్టరీ నుంచి మీ కారుకి లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోకుండా ఆపే రకం డిఫరెన్షియల్) రాదు. పాత ఓనరు ఎవరైనా బిగించి ఉంటే ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉన్న ఆయిల్ కావాలి, లేదంటే పార్కింగు మలుపుల్లో దడదడలాడుతుంది.

బయటికొచ్చిన ఆయిల్‌ని తెల్లటి ట్రేలో పట్టి ఎండలో చూడండి, దాంట్లో సగం రిపోర్టు ఉంటుంది. వేళ్ళ మధ్య రుద్దితే బూడిదరంగు మెత్తటి ముద్దలా ఉంటే అది మామూలు అరుగుదల, భయపడక్కర్లేదు. అయస్కాంతం ముంచి తీస్తే సూదుల్లాంటివో, గోరు ముక్కల్లా మెరిసే పెచ్చులో అంటుకుంటే బేరింగు ట్రాకు గానీ పన్ను అంచు గానీ రాలుతోంది. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్ళు వెళ్ళాయి. మన ఊళ్ళో వానాకాలం అండర్‌బ్రిడ్జిల కింద నిలిచిన నీళ్ళలోంచి వెళ్ళడం అందరికీ అలవాటే. వేడిగా ఉన్న హౌసింగు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ అనే గాలి రంధ్రం లోంచి, సీళ్ళ లోంచి నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. ఆ నీళ్ళు తీయకుండా నాలుగు నెలలు నిలిపితే బేరింగు రోలర్ల మీద తుప్పు గీతలు పడతాయి, తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా గురగుర పోదు.

మీరు పాత ఓనరుని ఫోన్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పినియన్ ఆయిల్ సీల్ ఎప్పుడైనా మార్చారా? ఇది చిన్న ప్రశ్న కాదు. పినియన్ బేరింగులకు ఎంత బిగువుండాలో ఆ పెద్ద నట్టు, దాని వెనకున్న నలిగే స్లీవ్ కలిసి నిర్ణయిస్తాయి. సీల్ మార్చేటప్పుడు నట్టు ఉన్నచోట గుర్తు పెట్టి, తీసి, మళ్ళీ ఆ గుర్తుకే జాగ్రత్తగా తేవాలి, తిప్పడానికి ఎంత బలం పడుతోందో కొలవాలి. తొందరలో ఉన్నవాళ్ళు ఎయిర్ గన్ పెట్టి 'టర్‌ర్' మనిపిస్తారు. స్లీవ్ ఇంకాస్త నలుగుతుంది, బేరింగులు అతిగా బిగుసుకుంటాయి. లీకు ఆగుతుంది, కొన్నాళ్ళకి ఊళ మొదలవుతుంది. కారు అమ్మేముందు లీకులన్నీ కట్టించి పాలిష్ చేయించడం ఎక్కడైనా జరిగేదే. హౌసింగు మిగతా అంతా దుమ్ముతో ఉండి పినియన్ చుట్టూ మాత్రం శుభ్రంగా, నట్టు మీద కొత్త గాట్లతో ఉంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఇక టక్కు సంగతి. దీనికి నేను ముందు అనుమానించేది డిఫరెన్షియల్ లోపలి భాగాల్ని కాదు, గేర్‌బాక్స్ వెనక ఉన్న రబ్బరు కప్లింగుని. మందపాటి బిళ్ళలా ఉండి, ఒకవైపు గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌కి, ఇంకోవైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. పక్కనే ఎగ్జాస్ట్ వేడి, బయట మన ఎండ, ఉప్పు గాలి. టార్చి వేసి బోల్టు స్లీవుల చుట్టూ చూడండి, ముందు అక్కడే పగుళ్ళు వస్తాయి. వేలితో పగులు విడదీస్తే లోపల దారాల పోగులు కనిపిస్తే దాని పని అయిపోయింది. తర్వాత షాఫ్ట్ మధ్యలో ఉన్న సెంటర్ బేరింగు చుట్టూ రబ్బరు చిరిగిందా, చేత్తో పైకి ఎత్తితే షాఫ్ట్ వదులుగా ఊగుతోందా చూడాలి. ఆ తర్వాత డిఫరెన్షియల్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు, అది కూర్చునే సబ్‌ఫ్రేమ్ బుష్‌లు.

వీటిని ఊరికే కళ్ళతో చూస్తే తెలీదు. ర్యాంపు మీద కారు పెట్టి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, లోపలి మనిషి ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి పట్టి డ్రైవ్, రివర్స్ మారుస్తుంటే పక్క నుంచి ఫోన్ కెమెరా పెట్టి వీడియో తీయించండి. మనిషి కింద ఉండకూడదు. డిఫరెన్షియల్ ముక్కు ఎగిరి పడుతుంటే బుష్‌లు, ముక్కు కదలకుండా షాఫ్ట్ మాత్రం తిరిగి ఆగుతుంటే కప్లింగు లేదా జాయింటు. ఇంజన్ ఆపాక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే కాస్త ఆట ఉండటం సహజం. క్రౌన్, పినియన్ మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో ఉండే లెక్క. అది చక్రం దగ్గర కొంచెమే అయినా షాఫ్ట్ దగ్గర పెద్దదిగా అనిపిస్తుంది. ఆ ఆట చూపించి 'చూశారా సార్, క్రౌన్ ఎంత లూజో' అంటే కంగారు పడకండి. కొలవాలంటే డయల్ గేజ్ పెట్టాలి.

ఆగి ఉన్న చోట నుంచి కదలగానే ఒక్కటే 'టిక్', మళ్ళీ రాదు అంటే యాక్సిల్ చివరి గాడులు (స్ప్లైన్లు), హబ్ కలిసేచోట పొడిబారి ఉంటుంది. యాక్సిల్ నట్టు టార్క్ చూసుకోండి, అది పెద్ద విషయం కాదు. మలుపులో తొక్కినప్పుడు వరసగా 'టక టక టక' అయితే సీవీ జాయింటు (యాక్సిల్ చివర వంగుతూ తిరిగే కీలు), దాని మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు రిమ్ లోపల చిమ్మిందా చూడండి.

కప్లింగు మార్చేటప్పుడు రెండు ముక్కలు మెకానిక్ చెవిన వేయండి. కప్లింగు అంచున బాణం గుర్తులుంటాయి, అవి ఫ్లాంజ్ చేతుల వైపు చూడాలి. బిగించేటప్పుడు బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి, లేకపోతే కొత్త రబ్బరు మొదటి రోజే మెలితిరుగుతుంది. షాఫ్ట్ విప్పేముందు ముక్కలు కలిసేచోట్ల పెయింటుతో గీతలు పెట్టాలి, అదే స్థితిలో తిరిగి కలవాలి. సెంటర్ బేరింగు బ్రాకెట్‌ని బిగించే ముందు మాన్యువల్‌లో చెప్పిన కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి బిగించాలి. ఎగ్జాస్టు, వేడి రేకు ఎలాగూ దించుతారు కాబట్టి కప్లింగుతో పాటు సెంటర్ బేరింగు కూడా అప్పుడే మార్చేయండి. లేబర్ రెండుసార్లు కట్టడం దండగ.

అన్నీ అయ్యాక ఊళ నిజంగా పళ్ళదే అని తేలిందనుకోండి. అప్పుడు కూడా నా సలహా వెంటనే విప్పమని కాదు. ఆయిల్ శుభ్రంగా ఉండి, పెచ్చులు లేకుండా, శబ్దం నెలనెలా పెరగకుండా ఉంటే అది పాట, జబ్బు కాదు. అలాంటి క్రౌన్‌లు ఏళ్ళ తరబడి నడిచిన బండ్లు ఉన్నాయి. పినియన్ బేరింగు గరగర మాత్రం వేరు, దాన్ని వాయిదా వేయొద్దు. అది పూర్తిగా పోతే పినియన్ కదిలి పళ్ళు ఇరుక్కుంటాయి. 100 స్పీడులో వెనక చక్రాలు బిగుసుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మార్చాల్సే వస్తే రెండు దారులు. ఒకటి, అదే నిష్పత్తి ఉన్న వాడిన యూనిట్ తెచ్చి పెట్టడం. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి లాంటి చోట్ల దొరుకుతాయి. ట్యాగ్ మీది నిష్పత్తి మీదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే గేర్‌బాక్స్ కంప్యూటర్, స్టెబిలిటీ కంట్రోల్ లెక్కలు తప్పి ఎర్రర్లు వస్తాయి. ఫ్లాంజ్ పట్టుకుని తిప్పి గరుకు చూడండి, బిరడా తీసి ఆయిల్ వాసన, రంగు చూడండి, పెట్టేముందు సీళ్ళు కొత్తవి వేయించండి. రెండోది రీబిల్డ్. షిమ్‌లు అనే పల్చటి బిళ్ళలతో పినియన్ లోతు, బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఖాళీ), బేరింగు బిగువు పెట్టి, పళ్ళకు రంగు పూసి తిప్పి గుర్తు ఎక్కడ పడుతోందో చూసి, మళ్ళీ విప్పి షిమ్ మార్చి మళ్ళీ చూడాలి. మన ఆటోనగర్‌లో క్రౌన్ సెట్టింగ్ చేతికి వచ్చిన మనుషులకు కొదవలేదు. కానీ వాళ్ళకి అలవాటైన లారీ హౌసింగులో సైడ్ బేరింగు నట్టు తిప్పి సర్దుకోవచ్చు, ఇందులో చాలావరకు షిమ్‌లే. షిమ్ స్టాకు, డయల్ గేజు, బిగువు కొలిచే చిన్న టార్క్ రెంచి ఉన్నాయా అని అడగండి. మూడూ బల్ల మీద చూపిస్తే ఇవ్వండి. లేకపోతే వాడిన యూనిటే నయం.

ఈ వారం మీరు చేయాల్సింది టైరు నిమరడం, ఆనందపురం రోడ్డు మీద గేరు టెస్టు, లోడు టెస్టు, పాత ఓనరుకి ఫోను. తర్వాత కప్లింగు ఫోటో, బోల్టు స్లీవు దగ్గరగా కనిపించేలా తీసి పెట్టండి. ఊళ రికార్డు చేసేటప్పుడు ఫోను డిక్కీలో గుడ్డ మీద పెట్టి, 70 దగ్గర తొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి, విడివిడిగా తీయండి. స్పీడెంతో పక్కనున్నాయన గట్టిగా చెప్తూ ఉంటే ఇంకా మంచిది. వెనక టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటుంది, అదీ రాయండి. డిఫరెన్షియల్‌కి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఇవి వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దని వాళ్ళకి ఇవాళే చెప్పండి.